బూడిద గుంట వెనకవైపు

పెళ్ళయ్యాక ఆయన నాకు తెచ్చిన మొదటి కానుక దువ్వెన. మా రైల్వే ఊరి గోల్ బజారులో కొన్న నల్లటి దువ్వెన, పళ్ళన్నీ దగ్గర దగ్గరగా, ఒక్కటీ వంకర లేకుండా ఉంది. దాన్ని ఒక్కపూట తలకి పెట్టుకున్నానో లేదో, మర్నాడు సాయంత్రం సైకిలు దిగుతూనే వెనక్కి అడిగారు. టీ పొట్లంలో వచ్చే వెండికాగితాన్ని ఆ పళ్ళమీద పరిచి, గోటితో మెల్లగా రాసి, పైకి తీసి చూపించారు. అచ్చం షెడ్లమీద ఉండే ముడతల రేకు, నా అరచేతిలో ఇమిడేంత. నేను చప్పట్లు కొట్టాను. విజయనగరంలో బి.ఏ. చదివిన కోడలు చప్పట్లు కొట్టడమేమిటని లోపల్నించి మా అత్తగారు దాలమ్మగారు తొంగిచూశారు.

"దువ్వెన తలకి కాదేటమ్మా?"

"మీ అబ్బాయి రేకులు దువ్వుతున్నారు అత్తయ్యా," అన్నాను.

"ఆడంతే. సిన్నప్పుడు నా గరిటి అట్టుకెల్లి సిగ్నలు సేసినాడు," అని నవ్వుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు.

అది అరవై ఆరు, ఫిబ్రవరి నెల. ఏప్రిల్లో రైల్వే వారోత్సవాలు. ఇన్‌స్టిట్యూట్ హాల్లో పెట్టే ఎగ్జిబిషన్ కోసం, ఇంజన్లు ఆగే లోకో షెడ్డు నమూనా చేసే పని మా ఆయనకి అప్పగించారు. ఆయన పేరు గణపతిరావు. పేటర్న్ షాపులో వడ్రంగి. ఇనుము పోత పోసేముందు చెక్కతో అచ్చు చేస్తారే, ఆ పని. నమూనా బాగా కుదిరితే, ట్రైనింగ్ స్కూల్లో కొత్తగా పెట్టబోయే మోడల్ రూముకి ఆయన్నే వేస్తామని పెద్ద ఆఫీసరు మాటిచ్చాడు. కుర్రాళ్ళకి నేర్పే పని. కుర్చీ, బల్ల, మాస్టారూ అనే పిలుపు. ఆ ఉద్యోగం ఆయనకి ఎంత కావాలో నాకు భోజనాల దగ్గర తెలిసింది. అన్నం కలుపుకుంటూ మధ్యలో ఆగి, "మోడల్ రూముకి రెండు కిటికీలుంటాయట," అనేవారు. ఇంకో ముద్ద తిని, "ఫేను కూడా," అనేవారు.

ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా క్వార్టరు వరండా అంతా ఆ వేసవిలో షెడ్డుకే ఇచ్చేశాం. గోడవారన పొడుగాటి బల్ల వేశారు. ముందువైపు ఆయన. గోడకీ బల్లకీ మధ్య నాబోటి సన్నటి మనిషి పక్కవాటుగా దూరేంత సందు. అందుకని వెనకవైపు పని నాది అని వాదన లేకుండానే తేలిపోయింది.

పట్టాలు, షెడ్డు గోడలు, ఇంజన్ని మోసుకుని గుండ్రంగా తిరిగే టర్న్‌టేబులు ఆయనవి. మట్టీ, మసీ, చెట్టూ చేమా నావి. ఎండిన బీరపీచు చింపి ఆకుపచ్చ రంగులో ముంచితే పొదలు అయ్యాయి. వాడేసిన టీ పొడి ఆరబెట్టి జిగురుమీద చల్లితే నేల అయింది. వర్షం పడిన నేలలా వాసన కూడా వచ్చేది, ఏలకుల వాసనతో కలిసి. ఇంజన్లకి నీళ్ళు పోసే తొండం కోసం సైకిలు వాల్వు ట్యూబు ముక్క కోశాను. షెడ్డు పైకప్పుకి పొగ పట్టాలంటే ఏం రాయాలో మాకిద్దరికీ తోచలేదు. అత్తగారు కాటుక భరిణె తెచ్చి వేలితో రెండు చారలు తీశారు. ముప్పై ఏళ్ళ పొగ పట్టినట్టయింది. ఆ పూట నా కళ్ళకి కాటుక లేదు. షెడ్డు కళ్ళు మాత్రం నల్లగా ఉన్నాయని ఆయన అంటే నాకెంత సిగ్గేసిందో.

బొగ్గు మాత్రం అత్తగారు ముట్టుకోనిచ్చేవారు కాదు. నేను రోట్లో వేసి దంచితే చూసి తల అడ్డంగా ఊపారు.

"మరీ మెత్తగా సేసీసినావు. ఇలాటిది ఇంజినులో ఎయ్యి, మంటలోంచి ఊదీసినట్టు ఎగిరిపోద్ది. నాకొగ్గీ."

చేట తెచ్చుకుని కూర్చుని, చెరిగి, పెద్దముక్కలు వేరు, నలుసు వేరు, నుసి వేరు చేశారు. పెద్దవి ఇంజనుకి, నలుసు పట్టాల పక్కకి, నుసి బూడిద గుంటకి. మా ఆయన చెక్క చెక్కడం ఆపి, కాసేపు ఆవిడ చేతులకేసి చూశారు.

"అమ్మా, నువ్వింకా ఎల్తన్నావేటి?"

"ఎక్కడికిరా?"

"ఎక్కడికో నాకూ తెలుసు, నీకూ తెలుసు."

"కోడలొచ్చినాక మానీసినాను కదా బావు," అన్నారావిడ, చేట దులుపుతూ.

నాతో మాట్లాడేటప్పుడు ఆయన ప్రతి మాటా ఒత్తి, అందంగా, పుస్తకంలోలా పలికేవారు. వాళ్ళమ్మతో మాట్లాడేటప్పుడు మాత్రం ఇంటి మాట వచ్చేసేది. నాకు ఆ రెండో గొంతే ఎక్కువ ఇష్టంగా ఉండేది. ఒకసారి ఆ మాట చెప్తే, "అలా మాట్లాడితే మోడల్ రూములో కుర్రాళ్ళు నవ్వుతారు," అన్నారు.

అత్తగారు మానలేదు. ఆవిడ గోళ్ళలో నలుపు నాకు రెండోవారంలోనే కనిపించింది. ఒక మధ్యాహ్నం ఆయన వర్క్‌షాపుకి వెళ్ళాక, ఆవిడ గంప తీసుకుని దొడ్డిదారి పడితే, నేనూ చెప్పులు వేసుకున్నాను. వెనక్కి తిరిగి చూశారు. పొమ్మనలేదు.

క్వార్టర్లు దాటాక షెడ్డు ప్రహరీ ఉంది. ఒకచోట ఇటుకలు జారిపోయి, గంపతో సహా ఆడమనిషి పట్టేంత సందు. అవతల బూడిద గుంట. షెడ్డుకొచ్చిన ప్రతి ఇంజనూ ముందు అక్కడ ఆగి, పొయ్యిలో నిప్పంతా కిందికి దించుకోవాలి. అప్పుడే ఒకటి దించుకుంటోంది. ఎర్రటి నిప్పుమీద గొట్టంతో నీళ్ళు కొడితే తెల్లటి ఆవిరి లేచి, ఇంజను కనిపించకుండా పోయింది. ఆవిరి విడేసరికి నలుగురైదుగురు ఆడవాళ్ళు గుంటలో ఉన్నారు, ఇనపకొంకీలతో బూడిద కదుపుతూ. సగం కాలి ఆరిన బొగ్గుముక్కలు ఏరి గంపల్లో వేసుకుంటున్నారు. ఊరు ఊరంతా ఆ బొగ్గుతోనే వండుకుంటుంది. రైల్వే వాళ్ళకి అక్కర్లేనిది, కాని రైల్వేది.

ఇంజన్లోంచి ఒకాయన తల బయటపెట్టాడు. మా పక్క క్వార్టరు ఆర్థర్ గారు, ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మేను.

"దాలప్పా, నీ కోసం మంచి ముక్కలు ఒగ్గినాను. ఏటి, కోడల్ని కూడా తెచ్చినావు? బి.ఏ. సదివినోళ్ళు ఏరితే బొగ్గు ఎక్కువ మండుద్దేటి?"

"నీ నోరు ఎక్కువ మండుద్ది. ఎల్లు, ఎల్లి టీ తాగు," అన్నారు అత్తగారు.

ఆవిరి చల్లారాక గుంట గట్టున కూర్చోబెట్టి చెప్పారు. మా మామగారు ఆ గుంటలోనే నిప్పు దించే పని చేసేవారట. గుండెల్లో దుమ్ము పట్టి పోయారు. ఆయన పోయిన నెలలోనే ఈవిడ గంప పట్టారు. "ఆడి సదువు ఈ గుంటలోంచి తీసినదే అమ్మా. ఇస్కూల్లో పిల్లలు ఆణ్ణి బూడిద గణపతీ అని పిలిసేవోరు. ఇంటికొచ్చి అన్నం మానీసేవోడు. ఆడి కోపం ఆడికుంటాది మరి."

"మరి ఇప్పుడెందుకు అత్తయ్యా? ఆయన జీతం ఉందిగా."

"ఇంట్లో కూకుంటే మీ మావ గుర్తొస్తాడు. ఇక్కడికొస్తే కనిపిస్తాడు," అన్నారు. తర్వాత ఒక ముక్క తీసి నా అరచేతిలో పెట్టారు. ఇంకా వెచ్చగా ఉంది. "ఆడికి సెప్పకేం."

నేను చెప్పలేదు. కొత్తకోడలికి అత్తగారితో ఒక రహస్యం ఉండటం ఎంత బాగుంటుందో, పెళ్ళయిన నా స్నేహితురాళ్ళెవరూ నాకు చెప్పలేదు.

మార్చి చివరికి షెడ్డు పూర్తయింది. ఒక సాయంత్రం ఆర్థర్ గారు వచ్చి నడుం వంచి అంతా చూశారు. టర్న్‌టేబులు తిప్పారు. మెచ్చుకున్నారు.

"అన్నీ ఉన్నాయిరా గణపతీ. మనుసులే లేరు. మనుసుల్లేని షెడ్డు సెలవురోజు షెడ్డులా ఉన్నాది."

ఆ మాట ఆయనకి నాటుకుంది. మర్నాడు మనుషులు చెయ్యమని నాకు చెప్పారు. అగ్గిపుల్ల, దారం, మైనం. ఒక్కొక్కరు అంగుళం కూడా ఉండరు. నీలం చొక్కా డ్రైవరు, టోపీ పెట్టుకున్న షెడ్డు ఫోర్‌మెను, జెండా పట్టుకున్న పాయింట్స్‌మేను. నిప్పు దించేవాడొకడు, పొడుగాటి రాడ్డుతో. వాడి నడుముకి కాస్త వంపు ఇచ్చాను. అత్తగారు వాణ్ణి చేతిలోకి తీసుకుని, చాలాసేపు చూసి, ఇచ్చేశారు.

అప్పుడు నాకింకో మనిషి తోచింది.

అత్తగారికి ఒక మంచి చీర ఉంది, ఎర్రంచు నేతచీర. లోపలికి దోపుకునే కొసన, ఎవరికీ కనపడనిచోట, గోరంత ముక్క ఆవిడే కత్తిరించి ఇచ్చారు, దేనికో తెలియకుండానే. బల్ల వెనక సందులో దూరి, ఇటుకపొడి రంగుతో నేను చేసిన ప్రహరీలో రెండు ఇటుకలు జార్చి సందు పెట్టాను. ఆ సందు ముందు, బూడిద గుంట గట్టున, ఎర్రంచు చీర కట్టుకుని నెత్తిన గంపతో ఒక మనిషిని నిలబెట్టాను. గంపలో నిజం బొగ్గు నలుసు. ముందునించి చూస్తే బొగ్గుదిబ్బ అడ్డం వస్తుంది, ఆయనకి కనపడదు. ఆయన వర్క్‌షాపుకి వెళ్ళాక అత్తగారిని పిలిచి, గోడకీ బల్లకీ మధ్య అద్దం పట్టి చూపించాను.

ఆవిడ అద్దంలోకి చాలాసేపు చూశారు. తర్వాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

"ఓలమ్మ, ఇదేటి. నన్ను రైల్వేలో ఏసీసినావా?"

"వేసేశాను అత్తయ్యా."

"పర్మినెంటా, కేజువలా?"

"పర్మనెంటే. జిగురు పెట్టి అంటించాను."

"మీ మావ ముప్పై ఏళ్ళు సేసినాడు, పర్మినెంటు అవనేదు," అని మళ్ళీ నవ్వారు. కళ్ళు తుడుచుకున్నారు. "ఆడు సూస్తే కోప్పడతాడేమో."

"ఉద్యోగం వచ్చాక చూపిద్దాం. అప్పుడు కోపం రాదు," అన్నాను. నిజంగానే అలా అనుకున్నాను. ఉద్యోగం వచ్చిన రోజు, కొత్త చొక్కాలో, ఆయన ఆ బొమ్మని చూసి, వాళ్ళమ్మని చూసి, ఇంటి గొంతుతో ఏదో ఒక మాట అంటారని. ఆ మాట ఏమై ఉంటుందో ఊహించుకుంటూ చాలా మధ్యాహ్నాలు గడిపాను.

ఎగ్జిబిషన్ రోజు హాల్లోకి అడుగుపెడుతూనే ఆగిపోయాను. మా షెడ్డుని హాలు నడిమధ్య పెట్టారు. చుట్టూ తాడు కట్టారు. జనం నాలుగువైపులా తిరిగి చూస్తున్నారు. ఇంట్లో గోడవారన ఉన్న బల్లకి ఇక్కడ వెనకవైపే లేదు.

ఆయన ఇస్త్రీ చొక్కాలో, తాడు లోపల నిలబడి ఉన్నారు. పొద్దుటినించి ఆయన్ని అందరూ మెచ్చుకుంటున్నారు. హిజ్లీ ఇంజనీరింగు కాలేజీనించి వచ్చిన ప్రొఫెసర్లు టర్న్‌టేబులు తిప్పించుకుని చూశారు. అత్తగారూ నేనూ ఆడవాళ్ళ వైపు, తాడు పక్కనే నిలబడ్డాం. అత్తగారు ఎర్రంచు చీర కట్టుకొచ్చారు. ఆయన ఒకసారి మా వైపు చూసి నవ్వారు కూడా.

పెద్ద ఆఫీసరూ, ఆయన భార్యా వచ్చారు. మా ఆయన అన్నీ ఇంగ్లీషులో వివరించారు, నెల్లాళ్ళుగా నాతో అప్పజెప్పించుకున్న ఇంగ్లీషు. ఒక్క తప్పు పోలేదు. ఆఫీసరు తల ఊపుతూ బల్ల వెనకవైపుకి తిరిగాడు. ఆయన భార్య ముందుకి వంగింది.

"యే కౌన్ హై? ఎవరీమె, గంప పెట్టుకుంది చూడండి," అంది హిందీలో, ముచ్చటగా.

మా ఆయన వెనకవైపుకి వచ్చి వంగారు. తను చేసిన షెడ్డు వెనకవైపు ఆయన చూడటం అదే మొదలు. ఆ చీర అంచుని గుర్తుపట్టారు. నేను ప్రమాణం చేసి చెప్పగలను, ముందు ఆయన మొహంలోకి వచ్చింది నవ్వే.

"షెడ్డులో ఆడవాళ్ళేమిటి?" అన్నాడు ఆఫీసరు.

ఆయన తల ఎత్తారు. తాడు ఇవతల మేమిద్దరం. మళ్ళీ తల దించుకున్నారు.

"చోర్ హై సాబ్," అన్నారు. "కోయలా చోర్."

ఆఫీసరు నవ్వాడు. చాలా సహజంగా ఉందన్నాడు. "ఆ సందు నిజంగా ఉందా?"

"ఉంది సాబ్."

ఆఫీసరు పక్కనున్న మనిషితో ఏదో అన్నాడు. మా ఆయన రెండు వేళ్ళతో బొమ్మని పట్టుకుని లాగారు. జిగురు గట్టిగా పట్టింది, ఒక్క లాగుకి రాలేదు. రెండోసారికి వచ్చింది, కింద టీ పొడి నేలతో సహా. చొక్కా జేబులో వేసుకున్నారు.

ఆ ఊళ్ళో ఎవరికి ఏ భాష రాకపోయినా, బొగ్గుదొంగ అనే ఆ మాట అర్థం కాని వాళ్ళు లేరు.

అత్తగారు కొంగు భుజం మీదికి సర్దుకున్నారు. "ఎండ బాగున్నాది. ఎల్దామమ్మా," అన్నారు.

ఆవిడ నాకంటే ముందు నడిచారు. ఇంటి సందు మలుపులో ఆగి, "పప్పులో మావిడికాయ ఎయ్యనా? ఆడికిష్టం," అన్నారు.

సాయంత్రం ఆయన కప్పు పట్టుకుని వచ్చారు. మొదటి బహుమతి. "అమ్మా, ఫస్టు ప్రైజు," అని గుమ్మంలోనే చూపించారు. "మంచిది బావు," అన్నారావిడ, చేతులు తుడుచుకుని, కప్పు అందుకుని, గూట్లో పెట్టి. అన్నం వడ్డించారు. మామిడికాయ పప్పు ఆయన రెండుసార్లు వేయించుకున్నారు.

తర్వాత వరండాలో నాతో అన్నారు: "అమ్మ ఎక్కడ నిలబడింది?"

"తాడు పక్కన."

"హాలంతా గోలగా ఉంది కదా. ఏం వినపడుతుంది."

నేను ఖాళీ బల్లమీద మిగిలిన టీ పొడి తుడిచాను. ఆ రోజు చొక్కా ఆయనే ఉతుక్కున్నారు.

మే నెలలో ప్రహరీ సందు మూసేశారు. కొత్త ఇటుకలు, పైన గాజుపెంకులు. ఆ మర్నాడు చిలకమ్మ వచ్చింది. అత్తగారితో కలిసి బొగ్గు ఏరే మనిషి, మొగుడు లేడు, ఆ గంపమీదే బతుకు. గుమ్మం ఎక్కలేదు.

"నీ కొడుకు సేసిన షెడ్డులో మన సందు కూడా ఉన్నాదట కదా దాలప్పా," అంది. "నిజిం సందు మూసీసినారు. ఇంక బొమ్మ సందులోంచి ఎల్దుమేటి?"

"కూకో సిలకా. టీ తాగెల్లు."

"మీ ఇంట్లో టీ ఏ బొగ్గుమీద కాసినారు?"

అత్తగారు లోపలికి వెళ్ళి, పొయ్యి పక్కన మిగిలిన బొగ్గంతా, నుసితో సహా, తన గంపలో ఎత్తి తెచ్చి చిలకమ్మ ముందు పెట్టారు. గంప కూడా ఇచ్చేశారు. ఆ రాత్రికి మాకు కిరసనాయిలు స్టవ్వు మీద వంట అయింది. అన్నం ఎక్కడో కిరసనాయిలు వాసన వేసింది.

జూన్ మొదట్లో ఆర్డరు వచ్చింది. మోడల్ రూము, రెండు కిటికీలు, ఫేను. షెడ్డు నమూనాని అక్కడికి తరలించే ముందు ఆయన నా దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"నమూనా అంటే ఉన్నది ఉన్నట్టు ఉండాలి. వెనక గోడలో సందు మూసెయ్యమన్నారు. ఆ ఇటుకపొడి రంగు నీకే కుదురుతుంది. కాస్త కలిపిస్తావా?"

"ఇటుకపొడి అయిపోయింది," అన్నాను.

పొడి సీసా గూట్లో, కప్పు పక్కనే, నిండుగా ఉంది. ఆయన దానికేసి చూశారు. నాకేసి చూశారు. తనే తీసి కలుపుకున్నారు. రంగు కుదరలేదు. ఆ అతుకు ఇప్పటికీ మిగతా గోడకంటే ఎర్రగా ఉంటుందని, మోడల్ రూము చూసొచ్చిన ఆర్థర్ గారు చెప్పారు.

పనిముట్ల పెట్టె సర్దిపెడుతుంటే నాకు బొమ్మ దొరికింది. సన్నటి ఉలి పెట్టుకునే అరలో, దూదిలో చుట్టి ఉంది. పారెయ్యలేదు. ఎవరికీ చూపించనూ లేదు. గంప విరిగిపోయింది. నేను మళ్ళీ దూదిలో చుట్టి అక్కడే పెట్టేశాను.

ఉద్యోగంలో చేరే రోజు కొత్త చొక్కా వేసుకున్నారు. నేను ఊహించుకున్న చొక్కాలాంటిదే. అత్తగారు దేవుడి దగ్గర దీపం పెట్టి బయటికొచ్చారు. ఆయన వంగి కాళ్ళకి దణ్ణం పెట్టబోయారు. ఆ ఇంట్లో ఏ మంచిపనికైనా ముందు అలా పెట్టడం అలవాటు. పెళ్ళినాడు మేమిద్దరం పెట్టాం. వర్క్‌షాపులో ఆయన చేరిన రోజు, బూడిద అంటిన ఆ కాళ్ళకే పెట్టారట.

అత్తగారు కాళ్ళు వెనక్కి తీసుకున్నారు. కోపంగా కాదు, నీళ్ళు వలికినచోటినించి తీసుకున్నట్టు.

"లెగు బావు," అన్నారు మెల్లగా. "దొంగోల్లకి దండాలెట్టకూడదు."

ఆయన వంగిన నడుముతో అలాగే ఉండిపోయారు. ఆవిడ ఆయన భుజం మీది దారప్పోగు ఒకటి తీసి, ఊది పారేశారు. నాకేసి తిరిగారు.

"ఆడికి టైమవుతున్నాది. అన్నం ఎట్టీ అమ్మా."